సగం కథే చెప్పమంటున్నారు, ఏం చేయాలి?

చక్రాలమ్మ:
నాకు 34 ఏళ్లు, వీల్‌చైర్ వాడతాను. వచ్చే వారం వికలాంగుల హక్కుల మీటింగ్‌లో పది నిమిషాలు మాట్లాడమన్నారు. గర్భసంచి పరీక్షకు వెళ్లినప్పటి సంగతి చెబుదామనుకున్నా. పరీక్ష చేసే బల్ల నా భుజాల ఎత్తున ఉంది. ఇద్దరు మగవాళ్లు వచ్చి, నన్ను అడగనైనా అడక్కుండా ఎత్తి పడుకోబెట్టారు. డాక్టరేమో "ఈమెకు నెలసరి సరిగ్గా వస్తుందా?" అని మా చెల్లిని అడిగారు. నేను అక్కడే ఉన్నాను మరి!

నిర్వాహకులు "అది ఆడవాళ్ల సమస్యండీ, మీరు ర్యాంపుల గురించి చెప్పండి" అంటున్నారు. పోయినేడు మహిళల సభలో అడిగితే "అది వికలాంగుల సమస్య" అన్నారు. (ఆ సభా వేదికకు మూడు మెట్లు. ఆ గోల ఇప్పుడెందుకు.)

కాగితంపులి:
ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 6వ అధికరణం వికలాంగ మహిళల గురించే. దాన్ని వివరిస్తూ ఆ ఒప్పందం కమిటీ 2016లో ఇచ్చిన వ్యాఖ్యలో స్త్రీల పరీక్షకు వాడే మంచాల ప్రస్తావన కూడా ఉంది, వికలాంగ మహిళలకు అవి చాలాచోట్ల అందవని. ప్రింట్ తీసి వాళ్ల చేతిలో పెట్టండి.

మౌనవాగు:
ప్రింట్ నిర్వాహకులకు ఇవ్వండి, మైకులో మాత్రం చదవకండి, జనం నిద్రపోతారు. బల్లతోనే మొదలుపెట్టండి. కాకపోతే "అయ్యో పాపం" అనిపించుకుని దిగిపోవద్దు. కిందికి దిగే బల్ల కావాలి, ప్రశ్న నన్నే అడగాలి అని గట్టిగా అడిగి దిగండి. అన్నట్టు నేను చెవిటివాణ్ణి. మీ మీటింగ్‌లో సైన్ లాంగ్వేజ్ ఇంటర్‌ప్రెటర్ ఉన్నారా?

పాతకబుర్లు:
1977లో శాన్ ఫ్రాన్సిస్కోలో వికలాంగులు ప్రభుత్వ భవనంలో మూడు వారాలకు పైగా బైఠాయించారు. వాళ్లకు వేడి భోజనం తెచ్చిపెట్టింది బ్లాక్ పాంథర్స్, అంటే అమెరికాలో నల్లజాతివాళ్ల హక్కుల కోసం పోరాడిన పార్టీ. వాళ్ల సభ్యుడు బ్రాడ్ లోమాక్స్ వీల్‌చైర్‌లో ఆ భవనం లోపలే ఉన్నాడు మరి. "అది వికలాంగుల గొడవ, మనకెందుకు" అని పార్టీ అనుకుని ఉంటే ఆ అన్నం వచ్చేదా?

చక్రాలమ్మ:
బల్ల గురించే మాట్లాడతానని చెప్పేశాను, కాసేపు గునిసి ఒప్పుకున్నారు. మౌనవాగు గారూ, ఇంటర్‌ప్రెటర్ సంగతి నాకు తట్టనే లేదు, సిగ్గేసింది. ఇందాకే ఫోన్ చేసి అడిగాను. లేరట. "ర్యాంపు పెట్టించాం కదండీ" అన్నారు.