అప్‌డేట్: ‘ఎక్స్ పార్టీ’ అంటే మాజీ పార్టీ కాదు!

పోయిన వారం అడిగాను కదా, మా నాన్న పొలం కేసు కాగితాల్లో ‘ఎక్స్ పార్టీ డిక్రీ’ అని ఉంది, అంటే ఏంటని. నేనైతే మాజీ పార్టీ అనుకున్నా, నవ్వకండి. లాటిన్‌లో ‘ఒక పక్క నుంచి’ అని అర్థమట. మనం వాయిదాకి వెళ్లకపోతే అవతలివాళ్ల మాట మాత్రమే విని ఇచ్చే తీర్పు.

మీరు చెప్పినట్టే కావలిలో లాయరు గారిని కలిశాం. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 9, రూల్ 13 కింద దాన్ని రద్దు చేయమని పిటిషన్ వేయొచ్చన్నారు. గడువు 30 రోజులే. కానీ సమన్లు సరిగా అందకపోతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి లెక్కట. మావి పాత ఇంటి అడ్రస్‌కి పోయాయి! నాన్న టెన్షన్ సగం తగ్గింది.

నిన్న పిటిషన్ వేశాం. ‘స్టేటస్ కో’ కూడా అడిగారు, ఉన్నది ఉన్నట్టే ఉంచమని. ఇదొక్కటి మాత్రం నాకు ముందే తెలుసు.