నది బురదలో విషం తేల్చాల్సింది మిషన్లా, పురుగులా?

మూసీగట్టు:
మూసీ బురద రిపోర్టుల్లో సీసం ఇంత, క్రోమియం అంత అని పట్టిక ఉంటుంది. అందులో బతికే ప్రాణి గతేమిటో ఉండదు. కుట్టని దోమల లార్వాలున్నాయి కదా, అక్వేరియం షాపుల్లో బ్లడ్‌వార్మ్స్ అంటారు, ఆ ఎర్ర పురుగులు. చిన్న బీకరులో 100 మి.లీ. బురద, పైన నీళ్ళు, 23 డిగ్రీల వేడి. పది రోజులయ్యాక ఎన్ని మిగిలాయో, ఎంత పెరిగాయో చూస్తే చాలదా? ఖర్చూ తక్కువే.

ల్యాబ్‌మనిషి:
తక్కువని ఎవరన్నారు సార్? ఒకే వయసు లార్వాలు కావాలంటే ఏడాదంతా వాటిని పెంచుతూనే ఉండాలి. మంచి బురదలో వేసినవే 70 శాతం బతక్కపోతే టెస్టు చెల్లదు. పైగా మురుగు కలిసే చోట అమ్మోనియా ఉంటుంది. పురుగులు చస్తే ఫ్యాక్టరీవాళ్ళు "అది మీ డ్రైనేజీ పుణ్యం" అంటారు.

మూసీగట్టు:
అమ్మోనియా విడిగా కొలుస్తారు కదండీ. కుళ్ళిన గుడ్డు వాసనొచ్చే బురదలో సల్ఫైడ్ లోహాలను పట్టి ఉంచుతుంది. మిషన్‌లో కాడ్మియం ఎక్కువే కనిపిస్తుంది, పురుగు మాత్రం నిక్షేపంగా ఉంటుంది. ఇక జాబితాలో లేని మందును మిషన్ వెతకదు. కాలిఫోర్నియాలోని రోజ్‌విల్‌లో ఇళ్ళ మధ్య పారే వాగుల బురదలో వేస్తే హయలెల్లా అనే బుల్లి రొయ్యలాంటి జీవి చచ్చిపోయిందని 2005లో బయటపెట్టారు. కారణం ఇళ్ళ దగ్గర పురుగులకు కొట్టే బైఫెన్‌థ్రిన్ లాంటి మందులు.

పటాన్‌చెరు పిల్లోడు:
అన్నా, ఆ కథ సగమే చెప్పినవ్. 2013లో ఇంకోటి తేలింది. కాలిఫోర్నియాలో అలాంటి వాగుల్లోనే పుట్టి పెరిగిన హయలెల్లాలు కొన్ని జన్యువు మారి ఆ మందులను తట్టుకుంటున్నాయి. ల్యాబ్‌లోది చస్తుంది, వాగులోది బతుకుతుంది. దేన్ని నమ్మాలె?
మా దగ్గర సంగతి చూడు. పటాన్‌చెరులో మందుల కంపెనీల మురుగు శుద్ధి చేసి వదిలిన నీళ్ళలోనే లీటరుకు 31 మి.గ్రా. దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో రాశారు. తర్వాత దిగువ బురదలో యాంటీబయాటిక్స్‌కు లొంగని బ్యాక్టీరియా జన్యువులు కుప్పలుగా దొరికాయి. పురుగు బతికినంత మాత్రాన ఆ జన్యువుల సంగతి ఎట్ల తెలుస్తది?

మూసీగట్టు:
దానికి వేరే టెస్టు పెట్టండి, ఎవరొద్దన్నారు తమ్ముడూ? నా గొడవ పూడికతీత గురించి. తవ్విన బురదకు గాలి తగిలితే సల్ఫైడ్ పట్టు వదులుతుంది, లోహాలు నీళ్ళలోకొస్తాయి. తవ్వకముందు ఒకసారి, కలియబెట్టి గాలి తగిలించాక ఇంకోసారి పురుగుల్ని వేసి చూడమంటున్నా.

ల్యాబ్‌మనిషి:
ఇది ఒప్పుకుంటా. కానీ పోల్చడానికి అదే రకం రేణువులున్న శుభ్రమైన బురద కావాలి. మూసీలో అది ఎక్కడ తెస్తారు? గండిపేటకు ఎగువనా?