స్పెయిన్ హాబ్స్‌బర్గ్ వంశం ఆరిపోవడానికి మేనరికాలే కారణమా?

కోటగుమ్మం

1700 నవంబరు 1న మాడ్రిడ్‌లో స్పెయిన్ రాజు రెండో ఛార్లెస్ కన్నుమూశాడు. ఇంకో ఐదు రోజులుంటే 39 ఏళ్ళు నిండేవి. రెండు పెళ్ళిళ్ళు చేసుకున్నా సంతానం లేదు. అతనితో స్పెయిన్‌లో హాబ్స్‌బర్గ్ వంశం ముగిసింది. ఖాళీ అయిన ఆ సింహాసనం కోసం 1701 నుంచి 1714 దాకా యూరప్‌లోని పెద్ద రాజ్యాలు యుద్ధం చేశాయి. ఎవరిని అడిగినా ఒకటే సమాధానం చెబుతారు: దగ్గరి చుట్టాల్లోనే ఇచ్చిపుచ్చుకుని వంశాన్ని నాశనం చేసుకున్నారని. ఆ మాటతో సరిపెట్టుకోవడం నాకు ఇష్టం లేదు.

ముందు వరసలు చూడండి, తెలుగువాళ్ళకి ఇవి ఇట్టే అర్థమవుతాయి. రెండో ఫిలిప్ 1570లో పెళ్ళాడిన అన్నా అతని చెల్లెలు మరియా కూతురు. నాలుగో ఫిలిప్ 1649లో పెళ్ళాడిన మరియానా కూడా అతని చెల్లెలి కూతురే. వీళ్ళ కూతురు మార్గరీటాను 1666లో వియన్నాలో ఉన్న హాబ్స్‌బర్గ్‌ల ఇంకో శాఖవాడు, లియోపోల్డ్ చక్రవర్తికి ఇచ్చారు. అతను మరియానాకు స్వయానా తమ్ముడు. మూడూ అచ్చమైన మేనమామ, మేనకోడళ్ళ పెళ్ళిళ్ళు. 1615లో ఫ్రాన్స్, స్పెయిన్ రాజులు కుండమార్పిడి కూడా చేసుకున్నారు. సరిహద్దులో బిదసోవా నది మధ్య ఒక చిన్న లంక ఉంది. అక్కడ స్పెయిన్ పిల్ల అన్నా అటు వెళ్ళింది, ఫ్రాన్స్ పిల్ల ఎలిజబెత్ ఇటు వచ్చింది. మన వరసలకి పొసగనిది ఒకటుంది. రెండో ఫిలిప్ తండ్రి ఐదో ఛార్లెస్ చక్రవర్తి (స్పెయిన్ లెక్కలో మొదటి ఛార్లెస్), అతని భార్య ఇసబెల్లా అక్కాచెల్లెళ్ళ పిల్లలు. మన లెక్కలో వాళ్ళు అన్నాచెల్లెళ్ళు.

ఇలా ఎందుకు చేశారు? స్పెయిన్‌లో ఆడపిల్లకు రాజ్యం వచ్చే హక్కు ఉంది. పిల్లను బయటికి ఇస్తే ఆమెతో పాటు హక్కూ బయటికి పోతుంది. వాళ్ళ పూర్వీకులకు రాజ్యాలు వచ్చిందే ఆ దారిన. 1477లో మాక్సిమిలియన్ బర్గండీ మేరీని పెళ్ళాడితే నెదర్లాండ్స్ కలిసింది. 1496లో అతని కొడుకు స్పెయిన్ హువానాను పెళ్ళాడితే స్పెయిన్ కలిసింది. పెళ్ళిళ్ళతో సంపాదించినదాన్ని ఇంకొకరి పెళ్ళికి పోగొట్టుకోకూడదని ఇంటి పిల్లల్ని ఇంట్లోనే ఉంచుకున్నారు.

పైగా పెళ్ళి చేసుకోదగిన ఇళ్ళు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. జర్మనీలో, ఇంగ్లండులో, స్కాండినేవియాలో చాలా రాజకుటుంబాలు ప్రొటెస్టెంటు మతం పుచ్చుకున్నాయి. పోర్చుగల్ 1580లో స్పెయిన్ రాజు కిందికే వచ్చింది, 1640లో తిరగబడింది. ఫ్రాన్స్‌తో 1635 నుంచి 1659 దాకా యుద్ధం. తమ కింద ఉన్న జమీందారుల ఇంటి పిల్లను తెచ్చుకుంటే అంతస్తు తగ్గుతుందని వాళ్ళ నమ్మకం. ఇక 1649 నాటికి వియన్నా తప్ప మిగిలిందేమిటి? నా దృష్టిలో ఇది రక్తం చేసిన తప్పు కాదు, రాజకీయం అల్లిన ఉచ్చు. మీరేమంటారు?

సూక్ష్మదర్శిని

కోటగుమ్మం గారూ, ఉచ్చు రాజకీయానిదే, ఒప్పుకుంటాను. కానీ ఆ ఉచ్చులో చచ్చింది పసిపిల్లలు. వంశపారంపర్య వ్యాధుల విభాగంలో పనిచేస్తున్నదాన్ని కాబట్టి నాకు ముందు కనిపించేది వాళ్ళే.

స్పెయిన్‌లోని శాంటియాగో డి కాంపొస్టెలా విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో ఈ వంశవృక్షాన్ని 16 తరాల దాకా, మూడు వేల మందికి పైగా బంధువులతో లెక్కగట్టారు. మనలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఆ రెండూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎంతో చెప్పేదే అంతఃప్రజనన గుణకం. బావామరదళ్ళకు పుట్టిన బిడ్డకి అది 0.0625. మేనమామ, మేనకోడలికి పుట్టిన బిడ్డకి 0.125. తోడబుట్టిన అన్నాచెల్లెళ్ళకు పుడితే 0.25. రెండో ఛార్లెస్‌కి వచ్చింది 0.254.

ఈ అంకె దగ్గర కాస్త ఆగండి. ఒక్క మేనమామ పెళ్ళి అయితే 0.125 రావాలి. దానికి రెట్టింపు వచ్చిందంటే, మిగతా సగం అంతకు ముందు తరాలు పేర్చిపెట్టిన అప్పు. హువానాను పెళ్ళాడి 1506లో చనిపోయిన మొదటి ఫిలిప్‌కి ఇది 0.025 మాత్రమే. ఆరేడు తరాల్లో పదింతలైంది.

1527 నుంచి 1661 దాకా ఆ రాజకుటుంబాల్లో 34 మంది పిల్లలు పుడితే 10 మంది ఏడాది నిండకుండానే పోయారు. పదేళ్ళు రాకముందే పోయినవాళ్ళు మొత్తం 17 మంది, అంటే సరిగ్గా సగం. అదే కాలంలో స్పెయిన్ పల్లెల్లో పసిపిల్లల చావులు ఇంతకంటే తక్కువ. తిండికీ దాదులకీ లోటులేని ఇంట్లో ఎక్కువమంది ఎందుకు పోయారు?

నల్గొండ మాస్టారు

అమ్మా, అంకెలు బాగున్నాయి. కానీ అంకె పక్కన మనుషుల్ని నిలబెట్టి చూస్తే కథ అంత సూటిగా నడవదు.

ఇంగ్లండు రాణి ఆన్‌ను తీసుకోండి, 1665 నుంచి 1714 దాకా బతికింది. కనీసం 17 సార్లు గర్భం దాల్చింది. ఒక్క బిడ్డ కూడా పెద్దవాడు కాలేదు. అందరికంటే ఎక్కువ కాలం బతికిన కొడుకు 1700లో 11 ఏళ్ళకే పోయాడు. భర్త డెన్మార్క్ జార్జ్ ఆమెకు దూరపు చుట్టం. అక్కడ మేనరికం లేదు. అయినా వంశం ఆగిపోయింది.

స్పెయిన్‌లోనే చూడండి. మూడో ఫిలిప్ కూడా మేనమామ, మేనకోడళ్ళకు పుట్టినవాడే, గుణకం 0.218. అతనికి ఎనిమిది మంది పిల్లలు పుడితే ఐదుగురు పెద్దవాళ్ళయ్యారు. నాలుగో ఫిలిప్ మొదటి భార్య ఎలిజబెత్ ఫ్రాన్స్ నుంచి వచ్చిన పిల్ల, దగ్గరి చుట్టం కాదు. ఆమె కన్న బిడ్డల్లో పెళ్ళి వయసు దాటి బతికింది మరియా తెరెసా ఒక్కతే. కొడుకు బల్తసార్ కార్లోస్ 1646లో పదిహేడు నిండకుండా పోయాడు. వాడు బతికి ఉంటే మనం ఈరోజు ఈ చర్చే పెట్టుకోం.

ఇంకొక సంగతి. రెండో ఛార్లెస్‌కి ఫలానా రెండు జన్యులోపాలు ఉండి ఉండొచ్చని అదే పరిశోధకులు రాశారు. అది పాత వర్ణనలు చదివి చేసిన ఊహ, అతని ఎముకల మీద జరిగిన డీఎన్ఏ పరీక్ష కాదు.

బఠాణీ

రష్యా రాజు కొడుక్కి రక్తం గడ్డకట్టని బీమారి ఉండె గద. అది గూడ దగ్గరి సుట్టాల పెండ్లిళ్ళతోటే వచ్చిందని చిన్నప్పటి సంది ఇంటున్న. విక్టోరియా రాణి బావనే చేసుకున్నది, ఆడికెల్లే షురువైందంటరు. గిది దీన్ల కలుస్తదా?

సూక్ష్మదర్శిని

కలవదు తమ్ముడూ. అడిగావు కాబట్టి స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఈ తప్పు చాలాచోట్ల కనిపిస్తుంది.

హీమోఫీలియా ఎక్స్ క్రోమోజోము మీద వస్తుంది. మగపిల్లాడికి ఎక్స్ ఒక్కటే ఉంటుంది, అదీ తల్లి నుంచే. తల్లి దగ్గర ఆ లోపం ఉంటే తండ్రి చుట్టమైనా పరాయివాడైనా కొడుక్కి వచ్చే అవకాశం సగానికి సగం. విక్టోరియా 1840లో ఆల్బర్ట్‌ని కాకుండా ముక్కూమొహం తెలియని మనిషిని చేసుకున్నా ఆమె కొడుకు లియోపోల్డ్‌కి ఆ జబ్బు వచ్చే అవకాశం అంతే. 1904లో పుట్టిన రష్యా యువరాజు అలెక్సీకి తల్లి అలెగ్జాండ్రా, అంటే విక్టోరియా మనవరాలి ద్వారా చేరింది. అది హీమోఫీలియా బి అని 2009లో ఎముకల డీఎన్ఏ తేల్చింది. రాజకుటుంబాలు ఒకరికొకరు పిల్లల్నిచ్చుకోవడం వల్ల ఆ జబ్బు దేశాలు దాటింది, నిజమే. కానీ జబ్బు పుట్టింది బావామరదళ్ళ పెళ్ళి వల్ల కాదు.

రెండో ఛార్లెస్ విషయం వేరు. లోపమున్న జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడే జబ్బులు వేలల్లో ఉన్నాయి. దగ్గరి పెళ్ళిళ్ళు పెంచేది ఆ ప్రమాదాన్ని. మాస్టారు గారు అడిగినదానికీ సమాధానం ఇక్కడే ఉంది. గుణకం చెప్పేది అవకాశాన్ని, తీర్పుని కాదు. 0.218 ఉన్న మూడో ఫిలిప్ గట్టెక్కాడు, సరే. అతని తోడబుట్టిన నలుగురూ ఏమయ్యారు? ఫెర్నాండో ఏడేళ్ళు నిండకుండా, కార్లోస్ రెండేళ్ళు నిండకుండా, డియెగో ఏడేళ్ళకి, చిన్నపిల్ల మరియా మూడేళ్ళకి పోయారు. బతికినవాడు రాజయ్యాడు కాబట్టి అతని పేరొక్కటే మనకు మిగిలింది.

చుక్కల ముగ్గు

అందరూ పిల్లల్ని లెక్కపెడుతున్నారు. వాళ్ళని కన్నవాళ్ళ గురించి ఒక్కరూ మాట్లాడకపోవడం నాకు కష్టంగా ఉంది.

మరియానాను మొదట ఖాయం చేసింది బల్తసార్ కార్లోస్‌కి, అంటే మేనమామ కొడుక్కి, వరసైన బావకి. పెళ్ళికొడుకు చనిపోయాడు. ఒప్పందం మాత్రం చావలేదు. పెళ్ళికొడుకు తండ్రే, 44 ఏళ్ళ మేనమామే, ఆ 14 ఏళ్ళ పిల్లను చేసుకున్నాడు. మామగారు కావలసిన మనిషి మొగుడయ్యాడు. ఐదుగురిని కన్నది, ముగ్గురిని పోగొట్టుకుంది. కొడుకు ఫెలిపె ప్రొస్పెరో 1661 నవంబరు 1న, నాలుగేళ్ళు నిండకుండా పోయాడు. అప్పటికి ఆమె నిండు గర్భిణి. ఐదు రోజుల తర్వాత రెండో ఛార్లెస్ పుట్టాడు. ఆ చనిపోయిన పిల్లాడి బొమ్మ వెలాస్కెజ్ 1659లో గీశాడు, ఇప్పుడు వియన్నా మ్యూజియంలో ఉంది. తెల్లటి గౌను మీద నడుం చుట్టూ దిష్టి తగలకుండా కట్టిన తాయెత్తులు కనిపిస్తాయి. ఆ తాయెత్తులు చూశాక నేను గుణకాల గురించి మాట్లాడలేను.

మార్గరీటా సంగతి ఇంకా ఘోరం. మాడ్రిడ్‌లో ఎదుగుతున్న పిల్ల బొమ్మల్ని ఏళ్ళ తరబడి వియన్నాలో ఉన్న మేనమామకి పంపారు, కాబోయే పెళ్ళాం ఎంత ఎదిగిందో చూసుకోవడానికి. పదిహేనేళ్ళకి పెళ్ళి. నలుగురిని కని 21 ఏళ్ళకి, 1673లో పోయింది. నలుగురిలో బతికింది ఒక్క ఆడపిల్ల, మరియా ఆంటోనియా.

కోటగుమ్మం గారూ, వియన్నా తప్ప మిగిలిందేమిటని అడిగారు. మీ ప్రశ్నలో రాజుకి దారులు లేకపోవడం కనిపిస్తోంది. ఆ పిల్లలకు ఒక్క దారైనా ఎప్పుడుంది? పెళ్ళికి పోప్ అనుమతి కావాలి, అడిగారు, వచ్చింది. పిల్ల అనుమతి ఎవరూ అడగలేదు.

ఒంగోలు నుంచి

సూక్ష్మదర్శిని గారూ, మా ఇళ్ళల్లో మేనమామకి ఇవ్వడం ఇప్పటికీ ఉంది. ఆచారం ఉన్నచోట 1955 హిందూ వివాహ చట్టం కూడా ఒప్పుకుంటుంది. ఈ హాబ్స్‌బర్గ్ కథ చెప్పి మమ్మల్ని భయపెట్టడం న్యాయమేనా?

సూక్ష్మదర్శిని

భయపెట్టడం లేదండీ. మీ ఇంట్లో ఒక్క పెళ్ళి అయితే పుట్టే బిడ్డకి 0.125, అంటే ఛార్లెస్‌కి వచ్చినదాంట్లో సగం. అయితే మీ అమ్మానాన్నలదీ, తాతయ్యలదీ కూడా మేనరికమే అయితే మీరూ పేర్చుకుంటూ వచ్చినట్టే. పెళ్ళికి ముందు వెనకటి మూడు తరాల వరసలూ, చిన్నతనంలో పోయిన పిల్లల వివరాలూ కాగితం మీద రాసుకుని జన్యు సలహా ఇచ్చే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మేం మొదట అడిగేది అదే కాగితం.

కోటగుమ్మం

చుక్కల ముగ్గు గారి మాటకి నా దగ్గర ఎదురుమాట లేదు. అసలు ప్రశ్నకి సంబంధించి ఒక సాక్ష్యం పెడతాను. అదే లియోపోల్డ్ మార్గరీటా పోయాక టైరోల్ క్లాడియాను చేసుకున్నాడు, పుట్టిన ఇద్దరు ఆడపిల్లలూ పసితనంలోనే పోయారు. 1676లో మూడో పెళ్ళి న్యూబర్గ్ ఎలియనోరాతో. పది మంది పుట్టారు. అందులో ఇద్దరు కొడుకులు చక్రవర్తులయ్యారు, వియన్నా శాఖ నిలబడింది. మొగుడు ఒక్కడే, మారింది భార్యలు. ఇల్లు దాటి చేసుకుని ఉంటే స్పెయిన్ కూడా నిలబడేదేమో. అంటే ఇల్లు దాటనివ్వని రాజకీయమే ముంచిందని నేనంటాను.

నల్గొండ మాస్టారు

ఆ సాక్ష్యం మీరనుకున్నంత గట్టిది కాదు. క్లాడియా, ఎలియనోరా ఇద్దరూ లియోపోల్డ్‌కి దూరపు చుట్టాలే. క్లాడియా తాత, లియోపోల్డ్ తాత అన్నదమ్ములు. ఎలియనోరా నాయనమ్మ, లియోపోల్డ్ నాయనమ్మ అక్కాచెల్లెళ్ళు, బవేరియా ఆడపిల్లలు. ఇద్దరూ దూరపువాళ్ళే, ఒకరి పిల్లలు పోయారు, ఇంకొకరి పిల్లలు బతికారు. అక్కడ పనిచేసింది ఏ గుణకం?

సూక్ష్మదర్శిని

అంత దూరంలో గుణకం ఒంటరిగా ఏమీ చెప్పదు మాస్టారూ, ఇద్దరు పిల్లల చావు మామూలు జ్వరం వల్ల కూడా కావచ్చు. నేను మాట్లాడేది మార్గరీటా కూతురు మరియా ఆంటోనియా లాంటి వాళ్ళ గురించి. ఆమెకి 0.305, ఛార్లెస్ కంటే ఎక్కువ. ముగ్గురు కొడుకుల్ని కన్నది, 1692లో 23 ఏళ్ళకే పోయింది. 1698లో ఛార్లెస్ తన వారసుడిగా రాసింది ఆమె కొడుకునే. ఆ పిల్లాడు మరుసటి ఏడాదే ఆరేళ్ళకి పోయాడు. యుద్ధం తప్పించగలిగిన ఆఖరి పిల్లాడు వాడు.

కోటగుమ్మం గారి సాక్ష్యానికి జోడీ కూడా ఉంది. ఎలియనోరా చెల్లెలు మరియా అన్నాను 1690లో ఛార్లెస్‌కి రెండో భార్యగా తెచ్చారు. వాళ్ళ అమ్మ 17 మందిని కన్న మనిషి, ఆ సంబంధం చూసుకున్నదే అందుకు. అక్కకి పది మంది పుట్టారు. ఛార్లెస్ ఇంట్లో పదేళ్ళు ఉన్న చెల్లెలికి ఒక్కరూ పుట్టలేదు.

చుక్కల ముగ్గు

ఆమెకంటే ముందు మొదటి భార్య మేరీ లూయీస్ ఉంది, ఫ్రాన్స్ పిల్ల. 1679 నుంచి పదేళ్ళపాటు వారసుడి కోసం ఒక దేశమంతా ఆమె కడుపు వైపు చూసింది. 26 ఏళ్ళకి పోయింది. లోపం రాజులో ఉందని ఒప్పుకోలేక చేతబడి జరిగిందని నమ్మారు, 1698 తర్వాత రాజుకి భూతవైద్యం కూడా చేయించారు. వంశం ఎందుకు ఆరిపోయిందో తేల్చే చర్చలో ఈ ఇద్దరు భార్యల పేర్లు నిందితుల జాబితాలోంచి ముందు తీసేయండి, తర్వాత రక్తమా రాజకీయమా అన్నది మీరు తేల్చుకోండి.