పేపర్ పోటీకి 33 బస్ సిస్టమ్ సరిపోతుందా, మా ఊరి ట్రాన్స్‌ఫార్మర్ లెక్కే పెట్టాలా?

అందరికీ నమస్కారం. నేను ట్రిపుల్ ఈ మూడో సంవత్సరం, పవర్ సిస్టమ్స్ స్టూడెంట్ పేపర్ పోటీకి రాస్తున్నాను. టాపిక్ వ్యవసాయ మోటర్ల లైన్లలో నష్టాలు. మా ఊళ్లో ఒకే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద బోర్లన్నీ నడుస్తాయి, చివరి బోరు స్టార్టర్ దగ్గర మీటర్ పెడితే 415 వోల్టులు ఉండాల్సిన చోట 350 కూడా రాదు, మోటర్ వైండింగ్ కాలిపోయి రైతులు రిపేర్ షాపుల చుట్టూ తిరుగుతుంటే చూడలేక ఈ టాపిక్ పట్టుకున్నాను.

హెచ్‌వీడీఎస్ (హై వోల్టేజ్ డిస్ట్రిబ్యూషన్ సిస్టమ్)లో 11 కేవీ లైన్‌ను బోర్ల దాకా తెచ్చి 16, 25 కేవీఏ చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెడతారు కదా. అదే పవర్‌కి కరెంటు 26వ వంతుకు పడిపోతుంది, నష్టం కరెంటు వర్గాన్ని బట్టి తగ్గుతుంది. కానీ చిన్నవి ఎక్కువైతే ఐరన్ లాస్ (లోడ్ లేకపోయినా ట్రాన్స్‌ఫార్మర్ కోర్‌లో పోయే పవర్) పెరుగుతుంది, చాలా పేపర్లలో ఈ లెక్క సరిగా కనిపించడం లేదు.

మా గైడ్ సార్ 33 బస్ సిస్టమ్ (ప్రోగ్రాములు పరీక్షించడానికి అందరూ వాడే 33 పాయింట్ల నమూనా నెట్‌వర్క్) మీద చేస్తే చాలంటున్నారు. అందులో నా ప్రోగ్రామ్‌కి నష్టం సుమారు 202 కిలోవాట్లు వచ్చింది, అందరికీ వచ్చేదే. అయితే అది 12.66 కేవీ నెట్‌వర్క్, మా 415 వోల్టుల ఎల్‌టీ (లో టెన్షన్) లైన్‌కీ దానికీ పోలికే లేదు.

జడ్జీలుగా చేసినవాళ్లు, పోటీల్లో గెలిచినవాళ్లు చెప్పండి: 33 బస్‌ను ప్రోగ్రామ్ చెకింగ్‌కి మాత్రమే వాడి అసలు ఫలితాలు ఊరి లైన్ మీద చూపిస్తే ఒప్పుకుంటారా? క్లాంప్ మీటర్‌తో నేను తీసుకున్న రీడింగులు సరిపోతాయా, లేక డిస్కమ్ నుంచి ఫీడర్ డేటా కూడా తేవాలా? తేవాలంటే సబ్‌స్టేషన్‌లో ఎవరిని అడగాలి?