‘ఆంబిషన్ ఉంటే చంపేస్తారా నాన్నా?’

మా అమ్మాయి పదో తరగతి. ఇంగ్లిష్‌లో షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ పాఠం. రేపు టెస్టనగా రాత్రి తొమ్మిదింటికి పుస్తకం పట్టుకొచ్చింది. మూడో అంకం, రెండో రంగం. బ్రూటస్ వాళ్ళు సీజర్‌ని చంపేశాక, శవం పక్కన నిలబడి సీజర్ స్నేహితుడు ఆంటొనీ జనంతో మాట్లాడే ఘట్టం. ప్రశ్న ఇది: ‘ఆంటొనీ బ్రూటస్‌ని మాటిమాటికీ ఆనరబుల్ అని ఎందుకంటాడు? సొంత మాటల్లో రాయండి.’

సొంత మాటలంటే వీళ్ళ లెక్కలో గైడ్‌లో ఉన్న జవాబుకి పర్యాయపదాలు తగిలించడం. ఆనరబుల్ తీసేసి నోబుల్ పెట్టింది. ఇంకో రెండు మాటలు అటూ ఇటూ మార్చింది. చివరికి తేలిందేమిటంటే, ఆంటొనీకి బ్రూటస్ అంటే మహా గౌరవమట!

ముందు తెలుగులో చెప్పుకుందాం, ఇంగ్లిష్‌లో తర్వాత రాద్దువుగాని అన్నాను. తీరా చెప్పబోతే టెన్షన్ నాకు పట్టుకుంది. సీజర్ నన్ను ప్రేమించాడు కాబట్టి ఏడుస్తున్నాను, ఆంబిషస్ కాబట్టి చంపాను అంటాడు బ్రూటస్. ‘ఆంబిషన్ ఉంటే చంపేస్తారా నాన్నా?’ అంది మా పిల్ల. పోయిన నెలే ‘నా జీవితాశయం’ అని వ్యాసం రాసి ప్రైజు తెచ్చుకుంది మరి. ఆనరబుల్, ఆంబిషన్, ఈ రెండు మాటలకీ గ్రూపులో మీరైతే తెలుగులో ఏం వేస్తారు?

రిటైర్డ్ లెక్చరర్ ఒకరు:

మీ అమ్మాయిని నా తరఫున మెచ్చుకోండి. ఆంబిషన్ అన్న మాట పుట్టిందే ఎన్నికల్లో. లాటిన్‌లో ‘అంబీరె’ అంటే చుట్టూ తిరగడం. రోమ్‌లో పదవికి నిలబడ్డవాళ్ళు ఓట్ల కోసం తిరిగే తిరుగుడే ‘అంబీషియో’. దాని చుట్టమైన ‘అంబిటుస్’ అయితే ఓట్లు కొనే నేరానికి పేరు, దాని మీద చట్టాలు కూడా చేశారు. అలా తిరిగేవాళ్ళు సుద్ద రాసి తెల్లగా మెరిపించిన టోగా కట్టుకునేవాళ్ళు. మెరిసే తెలుపుకి వాళ్ళ మాట ‘కాండిడుస్’. మన క్యాండిడేట్ అందులోంచే వచ్చాడు. ఎవరికైనా ఖద్దరు గుర్తొస్తే నా పూచీ లేదు.

1599 ప్రాంతంలో ఈ నాటకం ఆడేనాటికి కూడా ఇంగ్లిష్‌లో ఆ మాట మంచి పేరు తెచ్చుకోలేదు. పైగా రోమన్లకి రాజు అన్న మాటే గిట్టదు. క్రీ.పూ. 509లో ఆఖరి రాజుని వెళ్ళగొట్టామని చెప్పుకునేవాళ్ళు. అందులో ముందు నిలిచినవాడు ఈ బ్రూటస్ వంశానికి మూలపురుషుడని ప్రతీతి. అలాంటి ఊళ్ళో క్రీ.పూ. 44లో సీజర్ జీవితాంతం డిక్టేటర్‌గా ఉండే అధికారం పుచ్చుకున్నాడు. కనుక ‘ఆశయం’ వద్దు. ‘రాజ్యకాంక్ష’ అనండి.

విజయనగరం నుంచి ఒక సభ్యురాలు:

రాజ్యకాంక్ష బాగుంది మాస్టారూ, కానీ ఆ పిల్లకి దానికి మళ్ళీ అర్థం చెప్పాలి. ఉత్త ‘ఆశ’ చాలదా? మనం మంచికీ వాడతాం, చెడుకీ వాడతాం. ‘వాడికి ఆశ ఎక్కువ’ అన్నామంటే ఎవరూ పొగడ్త అనుకోరు. సీజర్‌కి కిరీటం మీద ఆశ పుట్టిందంటాడు బ్రూటస్. లూపర్కాలియా పండగనాడు మూడుసార్లు కిరీటం ఇవ్వబోతే మూడుసార్లూ వద్దన్నాడే, ఆశంటే ఇదేనా అంటాడు ఆంటొనీ. ఇక్కడ ‘ఆశయం’ పెట్టి చదివి చూడండి, ఆంటొనీ మాటకి పస ఉండదు.

వరంగల్ నుంచి:

ఆనరబుల్‌కి మాత్రం ‘గౌరవనీయుడు’ వద్దన్నా. అది శిలాఫలకం మీద మాట. ‘పెద్దమనిషి’ అను. మా దిక్కు పంచాయితీలో కూసునేటాయన పెద్దమనిషి, మాట తప్పినోడూ పెద్దమనిషే. 1956లో ఆంధ్ర, తెలంగాణ నాయకులు రాసుకున్నదాన్ని ‘పెద్దమనుషుల ఒప్పందం’ అన్నరు. ఆ తర్వాత మా తాతలు ఆ మాట ఎట్ల పలికేదో విన్నోళ్ళకి ఆంటొనీని వేరే చెప్పే పని లేదు.

విజయనగరం:

ఒప్పుకున్నాను. కాకపోతే ఆడపిల్ల ఉన్న ఇంట్లో ‘పెద్దమనిషి’ అంటే ముందు ఇంకో అర్థం గుర్తొచ్చి నవ్వుతారు. కాసేపు నవ్వనివ్వండి.

పోస్టు పెట్టినవారు:

నవ్వింది, నిజమే. తర్వాత మాత్రం ఆ మాట బాగా అందుకుంది. ఇద్దరం కూర్చుని ఇలా చేశాం. తప్పులుంటే దిద్దండి.

మొదట: ‘సీజర్‌కి ఆశ ఎక్కువని బ్రూటస్ చెప్పాడు. బ్రూటస్ పెద్దమనిషి.’ ఇందులో ఎత్తిపొడుపు లేదు. కిరీటం సంగతి చెప్పాక: ‘నిజమే, ఆయన పెద్దమనిషే.’ ఒక్క ఏకారం పడేసరికి మాట పుల్లబడింది. ఇంకాస్సేపటికి, సీజర్ వీలునామా సంగతి బయటపడ్డాక, గుంపులో ఒకడు ద్రోహులని అరిచి ఆంటొనీ మాటనే ఎత్తిపొడుస్తాడు. దానికి మా అమ్మాయే చెప్పింది: ‘పెద్దమనుషులట, పెద్దమనుషులు!’

ఇంగ్లిష్‌లో మొదటినుంచీ అదే మాట. రంగస్థలం మీద నటుడి గొంతు మారాలి. తెలుగులో ఆ పని ‘ఏ’, ‘అట’ చేసేస్తున్నాయి.

రిటైర్డ్ లెక్చరర్:

బాగుంది. ఒక్క జాగ్రత్త. ఆ ‘అట’ని గుంపు నోట్లోనే ఉంచారు, అక్కడే ఉండాలి. ఉత్సాహం కొద్దీ మొదటి వాక్యంలోనే ‘ఆశట’, ‘పెద్దమనిషట’ అనిపించారంటే ఆంటొనీని అక్కడికక్కడే వేదిక దింపేస్తారు. బ్రూటస్ ఎవరినీ నిందించొద్దని షరతు పెట్టి మాట్లాడనిచ్చాడు. జనం కూడా అప్పటికి బ్రూటస్ వైపే. మనమైతే మొదటి ముక్కలోనే కన్ను గీటేస్తాం. ఆంటొనీకి అంత తొందర లేదు. పరీక్షలో రాయాల్సిన జవాబు కూడా ఇంతే: మాట మారలేదు, ప్రతిసారీ దాని పక్కన పెట్టే రుజువు మారింది. కిరీటం వద్దన్న సంగతి ఒకసారి, పేదలు ఏడిస్తే సీజర్ ఏడ్చిన సంగతి ఒకసారి. పర్యాయపదం మార్చి రాస్తే ఆ పట్టే జారిపోతుంది.

హైదరాబాద్ నుంచి, హిస్టరీ చెప్పే మేడమ్:

ఇదే క్లాసులో ఇంకో తంటా ఉంది. సీజర్‌ని ఎక్కడ చంపారు? నాటకంలో క్యాపిటల్‌లో (రాజధాని కాదు, రోమ్‌లో ఆ పేరున్న కొండ). చరిత్రలో క్రీ.పూ. 44 మార్చి 15న సెనేట్ (రోమ్ పెద్దల సభ) కూర్చున్నది పాంపే అనే సేనాని కట్టించిన నాటకశాలకి ఆనుకుని ఉన్న హాల్లో. పిల్లలు లిటరేచర్ జవాబు తెచ్చి హిస్టరీలో రాస్తారు, హిస్టరీ జవాబు తీసుకెళ్ళి అక్కడ రాస్తారు, రెండుచోట్లా మార్కు పోతుంది. ప్రశ్నలో ‘నాటకం ప్రకారం’ అని ఉందో లేదో చూసుకోమని మీ అమ్మాయికి చెప్పండి.

ఇంకోటి, ఆంటొనీ మొదట్లో అనే ‘బరీ’ మాటకి ‘పాతిపెట్టడం’ అనకండి, కుక్కనీ అంతే అంటాం. ‘మట్టి చెయ్యడానికి వచ్చాను, పొగడ్డానికి కాదు’ అంటే చావింటి మర్యాద ఉంటుంది. కాకపోతే సీజర్‌ని చివరికి ఫోరంలో కాల్చేశారు.

పోస్టు పెట్టినవారు:

‘మట్టి’ తీసుకున్నాం మేడమ్, థాంక్స్. టెస్టు అయిపోయింది, మార్కులు ఇంకా రాలేదు. ఇప్పుడు కొత్త గొడవ. బ్రూటస్ ఉపన్యాసం మొదలుపెడుతూ జనాన్ని ‘లవర్స్’ అని పిలుస్తాడు. క్లాసంతా గొల్లుమన్నారట. ఆప్తులారా అని అర్థం, అప్పట్లో స్నేహితుల్నీ అలాగే అనేవాళ్ళు అని చెప్పాను. ‘గైడ్‌లో అలా లేదు’ అంటోంది. గైడ్‌లో ఏముందో చూసి రేపు ఇక్కడే పెడతాను.