జోష్ గిబ్సన్ హోమ్ రన్లు: 174 అని రాయాలా, 800 అని రాయాలా?

అట్లాంటా నాన్న
మా అబ్బాయికి స్కూల్లో బేస్‌బాల్ ప్రాజెక్టు ఇచ్చారు. వాడు జోష్ గిబ్సన్‌ని ఎంచుకున్నాడు. పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్, హోమ్‌స్టెడ్ గ్రేస్ అనే నల్లవాళ్ల జట్లకు ఆడిన క్యాచర్ (బ్యాటర్ వెనక గొంతుక్కూర్చుని బంతి పట్టేవాడు). నల్లవాళ్లను మేజర్ లీగ్ (అమెరికాలో బేస్‌బాల్ అత్యున్నత లీగ్) గడప తొక్కనివ్వని రోజులవి. 1947 జనవరిలో 35 ఏళ్లకే పోయాడు. మూడు నెలలు తిరక్కుండానే జాకీ రాబిన్‌సన్ అనే నల్ల ఆటగాడు ఆ అడ్డు దాటి మేజర్ లీగ్‌లో దిగాడు.

చిక్కేమిటంటే, బేస్‌బాల్ గొప్పవాళ్లను గౌరవించే హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన ఫలకం మీద "దాదాపు 800" హోమ్ రన్లని (క్రికెట్ సిక్సర్ లాంటివి) ఉంది. 2024 మేలో మేజర్ లీగ్ వాళ్లు నీగ్రో లీగ్స్ (ఆనాటి నల్లవాళ్ల లీగులు) లెక్కలు తమ రికార్డుల్లో కలిపాక చూస్తే 174. వాడిని ఏది రాయమనాలి? రికార్డులు దొరకని ఆటలకు అంచనా కట్టి రాస్తే తప్పా?

లెక్కలమాస్టారు
174. బాక్స్ స్కోరు (పేపర్లో వేసే ఆట స్కోరు పట్టిక) దొరికింది, అందులో హోమ్ రన్ ఉంది, లెక్కలోకి వచ్చింది. మిగతాదంతా విన్న మాట.

కృష్ణాతీరం
మాస్టారూ, ఆ 174 ఎలా వచ్చిందో కూడా చెప్పండి. ఆ ఆటల్ని తెల్లవాళ్ల పేపర్లు పెద్దగా పట్టించుకోలేదు. పిట్స్‌బర్గ్ కొరియర్, షికాగో డిఫెండర్ లాంటి వారపత్రికలే దిక్కు. ఒక ఆటకు పూర్తి స్కోరు వేస్తే ఇంకో ఆటకు ఎవరు గెలిచారో ఒక్క ముక్క వేసేవాళ్లు. 1920 నుంచి 48 దాకా ఉన్న రికార్డుల్లో సుమారు 72 శాతమే చేరాయని మేజర్ లీగ్ వాళ్లే ప్రకటించారు. మిగతా ఆటల్లో గిబ్సన్ బ్యాట్ పట్టుకోలేదా?

పైగా లీగ్ సీజన్ చిన్నది. మిగిలిన రోజుల్లో బస్సెక్కి ఊరూరా తిరిగి, ఎవరు పిలిస్తే వాళ్లతో ఆడేవాళ్లు. అదే వాళ్ల బతుకుతెరువు. మెక్సికోలో ఆడిన ఆటలూ ఈ లెక్కలో లేవు.

లెక్కలమాస్టారు
సరే, మీ 72తోనే చేద్దాం. 174ని 0.72తో భాగించండి. 242 దగ్గర ఆగుతుంది. పోయిన కాగితాలన్నీ రేపు దొరికినా 250 దాటదు. 800 ఎక్కడ, 250 ఎక్కడ? తేడా అంతా ఊరి జట్ల మీద కొట్టినవే కావాలి.

వరంగల్ కుర్రాడు
క్రికెట్‌లోనూ అంతే కదా. ఫస్ట్ క్లాస్ కాని మ్యాచ్‌లో వంద కొట్టినా ఫస్ట్ క్లాస్ సెంచరీల్లో కలపరు.

ఫాస్ట్‌బాల్
72 అనేది అన్ని జట్లకూ, అన్ని ఏళ్లకూ కలిపి. గిబ్సన్ ఒక్కడికీ అదే వర్తిస్తుందని ఎలా అంటారు మాస్టారూ? ఆ భాగహారం చెల్లదు.

అట్లాంటా నాన్న
వేగం చూస్తే ఎలా ఉంటుంది? దొరికినవాటిలో గిబ్సన్‌వి 2,250 ఎట్-బ్యాట్ల (లెక్కలోకి వచ్చే బ్యాటింగ్ వంతుల) దాకా ఉన్నాయి. అంటే 13కి ఒక హోమ్ రన్. మేజర్ లీగ్ దిగ్గజాల్లో బేబ్ రూత్ 8,399కి 714, దాదాపు 12కి ఒకటి. హాంక్ ఆరన్ 12,364కి 755, 16కి ఒకటి. గిబ్సన్‌కి 6,000 ఎట్-బ్యాట్లు ఇస్తే 460 వస్తాయి. అది రాయమననా?

లెక్కలమాస్టారు
"ఇస్తే" అన్నారు చూడండి, అక్కడే ఆగండి. ఎవరిచ్చారు? క్యాచర్ మోకాళ్లు ఎన్నేళ్లు నిలుస్తాయి? గ్రేస్ జట్టు వాషింగ్టన్‌లోని గ్రిఫిత్ స్టేడియంలో కూడా ఆడేది. అక్కడ ఎడమ గోడ 400 అడుగులు. గిబ్సన్ కుడిచేతి వాటం, గట్టిగా కొడితే బంతి ఎక్కువగా ఎడమ వైపే వెళ్తుంది. దాన్ని మీ వేగంలో ఎలా సర్దుతారు?

కృష్ణాతీరం
ఆ గోడ దగ్గరగా ఉంటే ఇంకా ఎక్కువ కొట్టేవాడనేగా! నా మాట మీరే చెబుతున్నారు.

లెక్కలమాస్టారు
నేను అన్నది అది కాదు. సర్దడం మొదలుపెడితే ఎక్కడా ఆగదు అంటున్నాను.

కృష్ణాతీరం
మరి మీరు కళ్లకద్దుకునే రికార్డులు అంత శుభ్రమైనవా? 1910లో మేజర్ లీగ్ బ్యాటర్ టై కాబ్ ఆట ఒకటి రికార్డుల్లో రెండుసార్లు ఎక్కించారు. 4,191 హిట్లని దశాబ్దాలపాటు అందరూ చదివారు, తీరా వెతికితే 4,189. ఏయే లీగులు "మేజర్" అని 1969లో తేల్చిన కమిటీ, 1884లో ఒక్క ఏడాది నడిచి మూతపడిన యూనియన్ అసోసియేషన్‌ని చేర్చింది. నీగ్రో లీగ్స్‌ని చేర్చలేదు. అప్పుడు లేని నిక్కచ్చితనం గిబ్సన్ దగ్గరకు వచ్చేసరికి ఎందుకొస్తుంది?

లెక్కలమాస్టారు
మీకు బేస్‌బాల్ మీద కాదు, ఇంకెక్కడో కోపం ఉన్నట్టుంది.

కృష్ణాతీరం
ఉంది. దాచుకోను. మా నాన్న 31 ఏళ్లు ఉద్యోగం చేశారు. ఆఫీసులోకి వరద నీళ్లొచ్చి సర్వీస్ రిజిస్టర్‌లో నాలుగేళ్ల పేజీలు పోయాయి. తోటివాళ్ల చేత సంతకాలు పెట్టించి తీసుకెళ్లినా "పుస్తకంలో లేదు కాబట్టి లెక్కలోకి రాదు" అన్నారు. పుస్తకం భద్రం చేయాల్సింది వాళ్లు. పెన్షన్ తగ్గింది మా నాన్నకి. "దొరికిందే లెక్క" అన్న మాట వింటే నాకు ఆ గుమాస్తా మొహమే కనిపిస్తుంది.

ఫాస్ట్‌బాల్
😔

లెక్కలమాస్టారు
అది అన్యాయమమ్మా. నేను కాదనను. నా సంగతీ చెబుతాను. మా ఊళ్లో తాళం వేసిన ఇంటికి మీటరు పనిచేయలేదని సగటు కట్టి కరెంటు బిల్లు పంపారు. ఏడాది తిరిగాను. అంచనా వేసేవాడికి తన చేతిలో ఉన్న సంఖ్యే నిజం అయిపోతుంది.

కానీ ఒకటి చూడండి. మీ నాన్నగారు అడిగింది పనిచేసిన నాలుగేళ్లు. ఈ 460లో ఉన్నది ఆయన్ని ఆడనివ్వని ఆటలు. రెండూ ఒకటి కావు. ఆ పిల్లాడు 460 అని రాస్తే చదివినవాళ్లు సరేనని ముందుకెళ్లిపోతారు. మేజర్ లీగ్ ఆయన్ని ఒక్కరోజు కూడా ఆడనివ్వలేదన్న సంగతి ఆ సంఖ్య కింద పడిపోతుంది. 174 అని ఉంటే, ఇంతటివాడికి ఇన్నేనా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ఖాళీని మనం పూడ్చకూడదు. మొదటినుంచీ నా బాధ అదే, చెప్పడం రాలేదు.

కృష్ణాతీరం
ఈ మాట నాలుగు పోస్టుల ముందు చెప్పి ఉంటే నేను ఇంత గొంతు పెంచేదాన్ని కాదు. అయినా ఒప్పుకోను. అడిగేవాళ్లు ఎంతమంది? మిగతావాళ్లు పట్టికలో 174ని ఎక్కడో కింద చూసి పేజీ తిప్పేస్తారు. కనీసం దాని పక్కన "ఇప్పటికి దొరికినవి" అని రాయాలి. 800 కూడా రాయాలి, లీగ్ బయట ఆడినవి కలిపి అలా చెప్పుకున్నారని. ఆ ఊళ్లలో చూసినవాళ్లు అబద్ధాలకోరులు కారు.

లెక్కలమాస్టారు
"దొరికినవి" వరకు సరే. 800కి ఒప్పుకోను.

అట్లాంటా నాన్న
మావాడికి అంతా చదివి వినిపించాను. రెండూ రాసి, ఏది ఎక్కడిదో కింద చెబుతానన్నాడు. ఇప్పుడు వాడికి ఇంకో అనుమానం. బ్యాటింగ్ యావరేజ్‌లో (హిట్లను ఎట్-బ్యాట్లతో భాగిస్తే వచ్చేది) గిబ్సన్ 0.372ని టై కాబ్ 0.367 పైన పెట్టారు కదా. అన్ని తక్కువ ఎట్-బ్యాట్లకు అలా పెట్టొచ్చా అని.

లెక్కలమాస్టారు
మిగతా లీగులకు 5,000 ఉండాలి, నీగ్రో లీగ్స్‌కి 1,800 చాలన్నారు. దాని మీద నేను చాలా చెప్పాలి. రేపు పొద్దున రాస్తాను.

కృష్ణాతీరం
రాయండి. నేనూ ఉంటాను.