నాటక పద్యానికి అంత రాగం అవసరమా?

కడప శ్రోత:
తిరునాళ్లలో పౌరాణిక నాటకం మొదలైతే కుర్రోళ్లు లేచిపోతున్నారు. వాళ్లను తప్పు పట్టలేం. నాలుగు పాదాల పద్యం, దాని వెనక నాలుగు నిమిషాల రాగం. మాట ఒక్కటీ తెలీదు. పాత క్యాసెట్లు పెడితే ముక్కుతో ఏడ్చినట్లుంటాది. చిన్నప్పుడు చెవి కోసుకున్నాం గాబట్టి ఇప్పుడూ గొప్పదనల్లంటే ఎట్ల?

తాడిపత్రి పద్యం:
గొప్పదే అన్నా. మాట తెలీకపోయేది రాగం వల్ల గాదు, విరుపు వల్ల. పద్యంలో మాట పాదం చివర ఆగదు, కింది పాదంలోకి పోతుంది. పాదం పాదానికీ ఊపిరి తీసుకుంటే మాట సగానికి తెగుతుంది. కొందరు యతి దగ్గర ఆగుతారు. ఉత్పలమాలకు 10వ అక్షరం, శార్దూలానికి 13వ అక్షరం యతిస్థానం. తెలుగులో అది పాదం మొదటక్షరంతో మైత్రి కుదరాల్సిన అక్షరానికి చోటు, ఊపిరికి గాదు. ముందు పద్యాన్ని వచనం మాదిరి చదివి, అర్థం ఆగేచోట పెన్సిల్ గీత పెట్టుకోవల్ల. ఊపిరి అక్కడే. రాగం నాలుగో పాదం అయినాకనే. మధ్యలో తీయాలనిపిస్తే సంబోధన చివరి దీర్ఘం మీద తీయచ్చు. కోపమో దుఃఖమో జనంలో కుదురుకునేదానికి ఒక నిమిషం చాలు. ఒన్స్ మోర్ కోసం సాగదీసేవాళ్లను నేనూ వెనకేసుకురాను.

ఇంకోటి మైకు. సురభి నాటక సమాజం వాళ్లు మీ జిల్లాలోనే 1885లో మొదలుపెట్టినప్పుడు మైకు యాడిది? నాలుగు, అయిదు శ్రుతుల్లో, అంత పై స్థాయిలో ఎత్తుకునేది చివరి వరసకు వినపడల్లనే. అదే గొంతును నోటికి ఆనించిన మైకులో పోస్తే పగలక ఏమైతాది? జానెడు దూరం ఉండల్ల. ఎకో పూర్తిగా తీసేయల్ల. ఎకో ఉంటే ముందు అక్షరం తోక వెనక అక్షరం మీద పడి ఒత్తులన్నీ కరిగిపోతాయి.

కర్నూలు టేపు:
ముక్కు గొంతు చాలాసార్లు గాయకునిది గాదు, కాపీది. టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవల్ల. కాపీ తీసిన డెక్కు 6 శాతం నిదానంగా తిరిగింటే, మామూలు ప్లేయర్లో గొంతు అర శ్రుతి లేచి పీలగా వస్తాది. రికార్డింగులో కరెంటు గుయ్‌మనే మోత ఉంటే అదే కొలత. మన కరెంటు 50 హెర్ట్జ్. కంప్యూటర్లో ఆ మోత 53 దగ్గర కనపడితే మొత్తం వేగాన్ని అది 50కి వచ్చేదాకా దించల్ల. సరిగ్గా 50 దగ్గర ఇంకో మోత ఉంటే అది నీ ప్లేయరుది, లెక్కలోకి తీసుకోవద్దు.

మాట మొద్దుగా ఉంటే హెడ్డు (ప్లేయర్లో టేపును చదివే ముక్క) వంకర. ముందు హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదితో, రబ్బరు రోలరును తడిగుడ్డతో తుడువు. తర్వాత హెడ్డు పక్కన స్ప్రింగున్న స్క్రూను పావు చుట్టు లోపలే అటూ ఇటూ తిప్పుతూ స, శ, చ తేటపడేచోట ఆపు. టేపు వెనకుండే ఫెల్టు ముక్క ఊడిపోయింటే మాత్రం స్క్రూతో పని జరగదు. టేపును ఇంకో క్యాసెట్ డొక్కులోకి మార్చల్ల.

కడప శ్రోత:
టేపు సంగతి ఒప్పుకుంటా. మరి హార్మోనియం? 1940లో రేడియోవాళ్లే నిషేధించినారు, 1971 దాకా ఎత్తేయలేదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలకడం, ఆ మెట్ల మీద రాదనే గదా.

తాడిపత్రి పద్యం:
పలకదు, నిజమే. మెట్టుకూ మెట్టుకూ మధ్య స్వరం దాంట్లో లేదు. అందుకే తోడి రాగంలో గాంధారం (గ స్వరం) ఊగుతున్నప్పుడు తెలిసిన హార్మోనిస్టు వెంటబడడు. షడ్జమ పంచమాలు (స, ప) పట్టుకొని ఉండి, గొంతు నిలబడినాక అందుకుంటాడు. మోహన రాగానికైతే పక్కనే నడవచ్చు. స్వరం స్వరానికీ మెట్టు నొక్కేవాణ్ని కూర్చోబెట్టి, పెట్టెను తిడితే ఎట్ల?

కడప శ్రోత:
రాగం నిమిషం, ఎకో సున్నా. ఈ రెండూ కాంట్రాక్టరుతో ముందే మాట్లాడుకుంటే నాటకానికి నా ఓటు. ఒన్స్ మోర్‌కు మాత్రం ఒప్పుకోను.